టాప్ మడతలో తెగిన తీగ

ప్రియమైన పిల్లలూ,

బటన్ నొక్కితే టాప్ తనంతట తానే మడుచుకుని డిక్కీలో దాక్కునే కారును చూశారా? 1996లో వచ్చిన మెర్సిడెస్ ఎస్‌ఎల్‌కే అలాంటిదే. ఇనుప టాప్ సుమారు 25 సెకన్లలో లోపలికి వెళ్లిపోతుంది. ఆ డిక్కీ మూత సామాను పెట్టేటప్పుడు ఒక వైపుకు, టాప్ లోపలికి దిగేటప్పుడు ఎదురు వైపుకు తెరుచుకుంటుంది. మూతలోకి వెళ్లే వైర్లు ప్రతిసారీ దానితో పాటే వంగాలి. రాగి తీగను పదే పదే వంచితే గట్టిపడి, పెళుసై, ఒక్కో పోగూ తెగిపోతుంది. ఇలాంటి కార్లలో టాప్ సగంలో ఆగిపోతే తప్పక అనుమానించాల్సిన చోట్లలో ఒకటి, మూత కీలు దగ్గర ఆ వైర్లను కప్పి ఉంచే రబ్బరు గొట్టం.

అంతకంటే ముందు బ్యాటరీ చూడండి. ఇంజిన్ ఆపి కాసేపు ఉంచాక 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. నూనె ఒత్తిడితో టాప్‌ను కదిపే హైడ్రాలిక్ పంపు చాలా కరెంటు లాగుతుంది కాబట్టి బ్యాటరీ నీరసిస్తే టాప్ కదలదు, వైరు తప్పేమీ లేకపోయినా. ఫ్యూజు పోయి ఉంటే అదే విలువది వెయ్యండి, పెద్దది వేస్తే వైరు కాలుతుంది. సగంలో ఆగిన టాప్ కింద చెయ్యి పెట్టే ముందు దానికి గట్టి ఊతం పెట్టాలి. ఈ పని పెద్దవాళ్లు పక్కన ఉన్నప్పుడే.

తర్వాత రబ్బరు గొట్టాన్ని రెండు చివర్లా ఊడదీసి వెనక్కి జరపండి. పైకి బాగానే కనిపించే వైరు లోపల తెగి ఉండవచ్చు. ఒక్కొక్కదాన్నీ రెండు వేళ్లతో మెల్లగా లాగి చూడండి. రాగి తెగిన చోట తొడుగు మాత్రమే మిగులుతుంది, అది రబ్బరులా సాగుతుంది. మంచి వైరు సాగదు.

వోల్టులు కొలిచే మీటరు ఇక్కడ మోసం చేస్తుంది. వైరులో ఒక్క పోగు మిగిలినా 12 వోల్టులు చూపిస్తుంది, ఎందుకంటే మీటరు దాదాపు కరెంటే లాగదు. కుళాయి కట్టేసినప్పుడు పైపులో ఒత్తిడి ఉంటుంది, తిప్పితేనే కదా ధార సన్నగా వస్తోందని తెలిసేది! అందుకే మోటారుకు పోయే వైరును రెండు వైపులా ప్లగ్గుల నుంచి విప్పి, దాని మీదుగా 21 వాట్ల బల్బు వెలిగించాలి. మసకగా వెలిగితే వైరు పాడైనట్టే. మూత తెరుచుకుందో లేదో చెప్పే సెన్సర్ల వైర్లకు మాత్రం బల్బు పెట్టకండి, టాప్‌ను నడిపే చిన్న కంప్యూటరు, అంటే కంట్రోల్ యూనిట్, చెడిపోవచ్చు. వాటినీ విప్పి, కరెంటుకు ఎంత అడ్డంకి ఉందో మీటరుతో ఓమ్‌లలో కొలవండి, కొలుస్తూ వైరును వంచండి. అంకె ఎగిరిపడితే దొరికినట్టే. వైరు తెగి అంత చిన్న సెన్సరు కబురు అందకపోయినా, మూత తెరుచుకోలేదనే నమ్మి కంట్రోల్ యూనిట్ పంపును ఆపేస్తుంది.

బాగుచేసేటప్పుడు బ్యాటరీ నెగటివ్ తీసెయ్యండి. పసుపు గొట్టంలో ఉన్న వైర్లు ఎయిర్‌బ్యాగువి, వాటి జోలికి పోవద్దు. తెగినది ఒకటే అయినా పక్కవాటికీ అదే వయసు, అన్నీ అంతే వంగాయి. ఆ భాగంలోని వైర్లన్నీ మార్చడమే మేలు. సన్న పోగులు ఎక్కువగా ఉండే సిలికాన్ తొడుగు వైరు తీసుకోండి, పాతదాని మందమే ఉండాలి. ఒకటి కోసి, అదే అతికి, అప్పుడే రెండోది. రంగులు కలగాపులగం కాకుండా ఉండాలంటే ఇదే సులువైన దారి.

అతుకులు వంగే చోట అసలు రాకూడదు, రెండు వైపులా కీలుకు అవతల ఉండాలి. అన్నీ ఒకే చోట కాకుండా 3, 4 సెంటీమీటర్ల ఎడంతో పెడితే కట్ట ఉబ్బదు. టంకం వేస్తే కరిగిన లోహం పోగుల్లోకి పాకి తీగ బిరుసవుతుంది, ఆ బిరుసు ముగిసేచోటే మళ్లీ తెగుతుంది. అందుకే పనిముట్టుతో నొక్కి బిగించే అతుకు (క్రింప్) వాడి, దాని పైన హీట్ ష్రింక్ గొట్టం, అంటే వేడి తగిలితే బిగుసుకునే, లోపల జిగురున్న గొట్టం, తొడగండి. చుట్టడానికి గుడ్డ టేపు మంచిది, మామూలు ప్లాస్టిక్ టేపు ఎండకు జిగురు కారుతుంది.

గొట్టం మూసే ముందు మూతను చేత్తో రెండు వైపులా పూర్తిగా తెరిచి చూడండి. ఎక్కడా వైరు బిగుసుకోకూడదు, కీలులో నలగకూడదు. తర్వాత బ్యాటరీ తగిలించి, ఇంజిన్ నడుస్తుండగా టాప్‌ను కనీసం అయిదుసార్లు తెరిచి మూయండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య