ఒక్క తప్పుకే మంచి ముగింపు చేజారదు: హారర్ గేముల్లో ఎంపికలపై అపోహలు, వాస్తవాలు

నిన్న రాత్రి ఒక అమ్మాయి మెసేజ్ పెట్టింది. 2001లో వచ్చిన పాత 'సైలెంట్ హిల్ 2'ను మొదటిసారి ఆడుతోందట. ఆరు గంటలు ఆడాక ఎవరో భయపెట్టారు: ఏంజెలా అనే పాత్ర వదిలివెళ్లిన కత్తిని ఇన్వెంటరీలో తెరిచి చూస్తే కథానాయకుడు జేమ్స్ చివరికి చచ్చిపోతాడని. తను అప్పటికే రెండుసార్లు తెరిచి చూసింది. "సేవ్ తీసేసి మొదటి నుంచి ఆడమంటారా అండీ?" అని అడిగింది.

వద్దమ్మా, వద్దు.

హారర్ గేముల్లో కథ ఎక్కడెక్కడ చీలాలో రాయడం ఇప్పుడు నా పని. అంతకు ముందు ఆరేళ్లు టెస్టరుని. రావలసిన ముగింపు రావలసిన వాళ్లకే వస్తోందా అని చూడటమే ఉద్యోగం. ఈ ప్రశ్న నాకు ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. ఏ ఆటైనా భయం ఇదే. అందుకే ఒకసారి కూర్చుని రాస్తున్నాను. చాలా ఆటల ముగింపులు ఇక్కడ బయటపడతాయి, ముందుగా తెలుసుకోవడం ఇష్టం లేనివాళ్లు ఇక్కడే ఆగిపోండి.

అపోహ: ఒక్క తప్పు ఎంపిక చేస్తే ఆట మొత్తం పాడైనట్టే

జనానికి ఎక్కువ నష్టం చేసేది ఇదే. సేవ్‌లు తీసేస్తారు, పది గంటల ఆటను పారేసి మళ్లీ మొదలుపెడతారు, రెండోసారి వాక్‌త్రూ (ఎక్కడ ఏం చేయాలో వరసగా చెప్పే జాబితా) పక్కన పెట్టుకుని అడుగడుగునా అది చూస్తూ ఆడతారు. భయపడటానికి కొనుక్కున్న ఆటలో దయ్యానికి భయపడరు, జాబితాకు భయపడతారు.

వాస్తవం ఏమిటంటే, ముగింపులను మేము లోపల రెండు రకాలుగా లెక్కకడతాం. ఒకటి ఫ్లాగ్: ఫలానా పని జరిగిందా, లేదా. రెండోది కౌంటర్: ఎంత జరిగింది, ఎన్నిసార్లు జరిగింది. సైలెంట్ హిల్ 2లో మొదటిసారి ఆడేవాళ్లకు వచ్చే మూడు ముగింపులూ ఈ రెండో పద్ధతిలోనే నడుస్తాయి. దెబ్బ తగిలాక వెంటనే మందు వాడారా, రక్తమోడుతూనే తిరిగారా. భార్య మేరీ ఫొటోను, ఉత్తరాన్ని తీసి చూశారా. పక్కన నడిచే మరియాకు దగ్గరగా ఉన్నారా, ఆసుపత్రి గదిలో ఆమె పడుకున్నాక మళ్లీ వెళ్లి పలకరించారా. పైకప్పు మీద దొరికే డైరీ చదివారా. చివరి నడవాలో వినిపించే మాటలను నిలబడి పూర్తిగా విన్నారా, పరుగెత్తుకుంటూ దాటేశారా. ఇవన్నీ 'లీవ్' (జేమ్స్ బతికి ఊరు వదిలి వెళ్తాడు), 'ఇన్ వాటర్' (చచ్చిపోతాడు), 'మరియా' (ఆమెతో వెళ్తాడు) అనే మూడు వైపులకు కొద్దికొద్దిగా పోగవుతాయి. కత్తిని చూడటం ఇన్ వాటర్ పళ్లెంలో పడే ఒక రాయి. దానివైపే తక్కెడ మొగ్గాలంటే ఇంకా చాలా రాళ్లు పడాలి.

ఆ అమ్మాయిని ఒక్కటే అడిగాను, దెబ్బ తగిలితే ఏం చేస్తావని. కంట్రోలర్ గుండెలా కొట్టుకోవడం మొదలవగానే చేతులు వణుకుతాయట, వెంటనే మందు వాడేస్తుందట. అంటే తనకు తెలియకుండానే ఆరు గంటలుగా లీవ్ వైపు రాళ్లు వేస్తూ వచ్చింది. ఆట ఆమె కత్తి చూడటాన్ని గమనించింది, బతకాలన్న తాపత్రయాన్నీ గమనించింది.

కౌంటర్ అంటే ఎలా ఉంటుందో నా పాత సంగతి ఒకటి చెబుతాను. ఒక ఆటలో (పేరు చెప్పను, ఆ సంస్థతో నాకు పేచీ లేదు) గాయపడిన తమ్ముడిని ఒక గదిలో దాచి, కథానాయిక బయట తిరుగుతుంటుంది. మధ్యలో అతన్ని చూడటానికి వెనక్కి వెళ్లిన ప్రతిసారీ 'మమకారం' కౌంటర్ ఒకటి పెరగాలి. టెస్టర్లకు మాత్రమే కనిపించేలా తెర కుడి మూలన ఆ అంకె పచ్చగా వెలుగుతుండేది. ఒక రోజు మా జట్టులో ఒకతను ఆ గది తలుపు ముందున్న రాక్షసుడి చేతిలో వరసగా చచ్చిపోతున్నాడు. చచ్చిన ప్రతిసారీ ఆట గదిలోంచి మొదలవుతోంది, మూలన అంకె పెరుగుతోంది. మూడు, నాలుగు, ఐదు. పద్నాలుగుసార్లు చచ్చాక ఇంకేం ముట్టుకోకుండా చివరి దాకా ఆడితే, అక్కాతమ్ముళ్లు చేయీచేయీ పట్టుకుని సూర్యోదయం చూసే ముగింపు వచ్చింది. తమ్ముడి ముఖం అతను తిన్నగా చూసింది ఒక్కసారి కూడా లేదు! గదిలోకి అడుగుపెట్టినప్పుడు పెరగాల్సిన అంకె, గది లోడ్ అయినప్పుడల్లా పెరుగుతోందన్నమాట. బగ్ నమోదు చేశాం, సరిచేశారు. పని రానివాడికే ప్రేమ ఎక్కువ అని ఆ తర్వాత నెల రోజులు అతన్ని ఏడిపించాం.

ఇంకో సంగతి. 2003 నాటి 'సైలెంట్ హిల్ 3'లో శత్రువులను విచ్చలవిడిగా చంపితే 'పొసెస్డ్' అనే భయంకరమైన ముగింపు వస్తుందని చదివి, ప్రతి జీవినుంచీ తప్పించుకు తిరిగేవాళ్లను చూశాను. మొదటిసారి ఆడేటప్పుడు ఆ ముగింపు రానే రాదు. ఎవరికైనా మామూలు ముగింపే. ఆ లెక్క పనికొచ్చేది రెండోసారి నుంచి. అక్కడ ఒక చర్చి గదిలో ఒక స్త్రీ గొంతు తన పాపం చెప్పుకుని క్షమించమని వేడుకుంటుంది. క్షమిస్తే మంచికి జమ అవుతుందనుకుంటాం కదా? చెడు ముగింపు వైపే జమ అవుతుంది. క్షమించడానికి నువ్వెవరు, దేవుడివా అన్నది అక్కడి ఆలోచన. మంచి ఎంపిక ఏదో ముఖం చూసి చెప్పేయగలమనుకునేవాళ్లు ఆ గది ముందు ఒకసారి ఆగాలి.

భయం నిజమయ్యే చోట్లు అసలే లేవని అనను. 1999 నాటి మొదటి సైలెంట్ హిల్‌లో ఆసుపత్రి డైరెక్టరు గది నేల మీద ఎర్రటి ద్రవం ఒలికి ఉంటుంది. వంటగదిలో దొరికే ప్లాస్టిక్ సీసాలో దాన్ని పట్టుకోకపోతే, ఎన్నో గంటల తర్వాత రంగులరాట్నం దగ్గర పోలీసు అధికారిణి సిబిల్‌ను కాపాడే దారి ఉండదు. అది ఫ్లాగ్, పోతే పోయినట్టే. అయినా పూర్తిగా మునిగిపోరు. డాక్టర్ కాఫ్‌మన్ ఉపకథను పూర్తి చేసి ఉంటే, సిబిల్ లేకపోయినా 'గుడ్' ముగింపే వస్తుంది. రెండూ వదిలేసినవాళ్లకే, గుద్దుకున్న కారులో కథానాయకుడు హ్యారీ నిర్జీవంగా కనిపించే ఆ దృశ్యం.

అసలు ఈ 'మంచి ముగింపు' పిచ్చి మాలాంటి వాళ్లు అంటించిందే. 1995 నాటి 'క్లాక్ టవర్' తన ముగింపులకు ఎస్ నుంచి హెచ్ దాకా గ్రేడులు ఇచ్చింది. మార్కులు వేశాక, మార్కుల కోసం ఆడకుండా ఎవరుంటారు? సైలెంట్ హిల్ 2 ఏ ముగింపుకూ మంచి, చెడ్డ అని పేరు పెట్టలేదు. ఇన్ వాటర్ దుఃఖకరమైనదే, కానీ శిక్ష కాదు. నన్నడిగితే ఆ ఆటకు అన్నిటికన్నా అతికేది అదే.

అపోహ: చివరి బటనే ముగింపును తేలుస్తుంది, ముందే సేవ్ చేసుకుంటే చాలు

2010లో వచ్చిన 'మెట్రో 2033'ను ఇలాగే ఆడి బోల్తాపడినవాళ్లు ఎందరో. అందులో తూటాలే డబ్బు. బిచ్చగాడికి ఒకటి వేస్తే, తప్పిపోయిన పిల్లవాడిని తల్లికి అప్పగించి ఆమె ఇవ్వబోయిన తూటాలు వద్దంటే, సొరంగాల్లో మనుషుల కబుర్లు ఆగి వింటే తెర ఒక్క క్షణం వెలిగి ఆరుతుంది. అది పాయింటు పడ్డ గుర్తు. అవి చాలినన్ని లేకపోతే చివర్లో ఎంపికే రాదు, క్షిపణులు పడిపోతాయి. ఉంటేనే వాటిని ఆపే అవకాశం చేతికొస్తుంది. చివరి సేవ్‌ను వందసార్లు లోడ్ చేసినా లేని బటన్ పుట్టదు.

అపోహ: చెడ్డగా ఆడితేనే గిట్టుబాటు

లెక్క చూసుకోండి. 2007 నాటి 'బయోషాక్'లో ఒక చిన్నపిల్లను బలిచ్చి శక్తి పిండుకుంటే 160 ఆడమ్ (కొత్త శక్తులు కొనుక్కునే పదార్థం), కాపాడితే 80. సగానికి సగం తేడా అని గగ్గోలు. ముగ్గురిని కాపాడిన ప్రతిసారీ 200 ఆడమ్ కానుకగా వస్తుంది. అంటే ముగ్గురికి 480కి బదులు 440, తేడా నలభయ్యే. కానుకలో అదనపు శక్తులు కూడా ఉంటాయి.

అపోహ: వందల ముగింపులంటే వందల కథలు

కాదు. పది చోట్ల రెండేసి దారులు పెడితే 1,024 కలయికలు అవుతాయి, అన్ని కథలు రాసే జట్టు ఎక్కడా లేదు. 2015 నాటి 'అన్‌టిల్ డాన్'లో ఎనిమిది మంది. ఎవరు మిగిలారు, ఎవరు పోయారు అన్న కలయికలే ముగింపుల లెక్కను పెంచుతాయి. చీల్చిన దారిని కొంత దూరం పోయాక మళ్లీ కలిపేస్తాం. 2017 నాటి 'రెసిడెంట్ ఈవిల్ 7'లో మిగిలిన ఒక్క మందు కథానాయకుడి భార్య మియాకా, అతనికి సాయపడిన జోయికా అని పడవ దగ్గర తేల్చుకోమంటారు. జోయికి ఇచ్చినా ఆమె ఎక్కువసేపు నిలవదు, తర్వాత మీరు ఆడేది మియాగానే.

అపోహ: ఫలితం మారని ఎంపిక మోసం

దీని మీద నాకు కోపం ఎక్కువ, కాబట్టి కాస్త ఓపిక పట్టండి. 2015లో వచ్చిన 'సోమా'లో కథానాయకుడు సైమన్ మనసును కొత్త శరీరంలోకి నకలు తీస్తారు. పాత సైమన్ కుర్చీలో నిద్రపోతూ ఉండిపోతాడు. మేలుకుంటే సముద్రం అడుగున ఒంటరిగా మిగిలిపోయాడని అతనికి తెలుస్తుంది. నిద్రలోనే అతని బ్యాటరీని ఖాళీ చేసేయవచ్చు, లేదా అలాగే వదిలి వెళ్లవచ్చు. మీరు ఏం చేసినా ముగింపులో మార్పు ఉండదు.

ఆ సంగతి నాకు ముందే తెలుసు. పనిలో భాగంగా ఆ ఆట మీద కాగితాలకొద్దీ రాసుకున్నవాణ్ని. అయినా ఆ కుర్చీ ముందు పది నిమిషాలు నిలబడ్డాను. చివరికి ఖాళీ చేశాను. తర్వాత ఆట మొత్తం, అతన్ని కాపాడానా, నా ఇబ్బందిని వదిలించుకున్నానా అని నన్ను నేనే అడుగుతూ నడిచాను. లెక్క రాసుకునే కౌంటర్ అక్కడ ఉండి ఉంటే, ఏది లాభమో చూసుకుని నొక్కేసేవాణ్ని. "ఎలాగూ ఏమీ మారదు, మరెందుకు పెట్టారు?" అని విసుక్కునేవాళ్లకు నా దగ్గర వేరే జవాబు లేదు.

ఈ సందర్భంలోనే ఒక మాట. అలాంటి చోట 'చెడు' ఎంచుకున్నందుకు తమలో ఏదో లోపం ఉందేమోనని నాకు రాసేవాళ్లున్నారు. లేదండీ. అవతల ఏముందో తలుపు తీసి చూశారు, అంతే. మా పరీక్షల్లో నేను ఒక్క రోజులో నలభైసార్లు ద్రోహం చేసి సాయంత్రం హాయిగా ఇంటికెళ్లినవాణ్ని.

మిగిలిన పుకార్లు రెండు ముక్కల్లో. కష్టస్థాయి పెంచితే మంచి ముగింపు వస్తుంది: చాలా ఆటల్లో సంబంధం లేదు. ఒక్కరినీ చంపకుండా ఆడితే రహస్య ముగింపు: ప్రతి ఆటకూ ఎవరో ఒకరు పుట్టిస్తారు, ఆధారం అడిగితే మాయమవుతారు.

ఆ అమ్మాయి ఈ ఉదయం మళ్లీ రాసింది. సేవ్ తీయలేదట, తెల్లవారేదాకా ఆడి పూర్తి చేసింది. లీవ్ వచ్చింది. కిందే ఇంకో ప్రశ్న: "మళ్లీ ఆడితే, ఇదంతా నడిపించింది ఒక కుక్క అని తేలే ముగింపు కూడా ఉందంటున్నారు. ఇదీ పుకారే కదా?"

ఇది మాత్రం పుకారు కాదు. ఉంది. మీటలు నొక్కుతూ కూర్చుని ఉంటుంది, కుక్కే.