వెదురు దిగివచ్చింది, పేరు రాలేదు

భీమవరంలోనో అమలాపురంలోనో గృహప్రవేశానికి వెళితే హాలు గోడకు ఎర్రమట్టి రంగు పటం, అందులో వలయం కట్టి ఆడుతున్న తెల్లని పుల్లల మనుషులు కనబడడం ఇప్పుడు మామూలే. బహుమతిగా వచ్చిందంటారు, గిరిజన కళ అంటారు. అది మహారాష్ట్రకు చెందిన వార్లీ. అదే గోదావరికి ఎగువన కొండల్లో ఉన్న ఆదివాసులు కొండరెడ్ల వస్తువు, కోయల వస్తువు ఆ గోడ మీద ఉండవు.

వార్లీ స్త్రీలు పెళ్లిళ్లకు గోడల మీద బియ్యప్పిండితో వేసే బొమ్మ 1970లలో వార్లీ చిత్రకారుడు జివ్యా సోమా మాషే చేతుల్లో కాగితం మీదికి దిగింది. 1980లలో చిత్రకారుడు జన్‌గఢ్ సింగ్ శ్యామ్ వల్ల గోండు బొమ్మ భోపాల్‌లోని కళాకేంద్రం భారత్ భవన్‌కు చేరింది. కాగితం మీదికి వచ్చినదానికి పటం కట్టవచ్చు, అంగట్లో పెట్టవచ్చు.

గోదావరి కొండల కళకు ఆ వీలు లేదు. కొమ్ముకోయలు ఆటకు కట్టుకునే అడవిదున్న కొమ్ములను ఎవరికీ కానుకగా ఇవ్వలేం, వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు. ఇక కొండరెడ్ల నేర్పంతా వెదురు అల్లికలో, అంటే గంపల్లో, చేటల్లో ఉంది. చేటను కళ అని ఎవరంటారు? బియ్యం చెరుగుతారు, పాతబడితే పారేస్తారు.

ఈ చిన్నచూపుకు వెనుక వెదురు చరిత్రే ఉంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా వరిపొలమైంది. ఎగువ అడవి నుంచి కలప, వెదురు తెప్పలు కట్టుకుని నది మీద దిగివచ్చేవి. 1882 మద్రాసు అటవీ చట్టంతో అడవి మీద పెత్తనం సర్కారుకు పోయింది, వ్యాపారం కాంట్రాక్టరుకు దక్కింది, గొడ్డలి మాత్రం కొండరెడ్డి చేతిలోనే మిగిలింది. 1940లలో ఈ ఒడ్డు గ్రామాల్లో తిరిగిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్, కలప వ్యాపారుల దగ్గర అప్పుపడి కూలీలైపోయిన కుటుంబాలను చూసి 1945లో పుస్తకం ప్రకటించాడు. అది ఇంగ్లీషు పుస్తకం. కొండరెడ్ల మాతృభాష తెలుగు! తర్వాతి కాలంలో ఏజెన్సీ వెదురు రాజమహేంద్రవరం మిల్లులో కాగితమైంది. ఆ కాగితం మీద మనం ఎన్నెన్ని పుస్తకాలు అచ్చు వేసుకున్నామో.

1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడ్డాక తేనె, చింతపండు, కుంకుడుకాయలు సరైన తూకంతో పట్నానికి రావడానికి దారి పడింది. అది మంచి పనే. అయితే తేనెపట్టు దించిన మనిషి ఆ సీసాలో కనబడడు.

వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా ఒప్పుకుని, దానిపై ఆదివాసులకు హక్కు ఇచ్చింది 2006 అటవీ హక్కుల చట్టం. ఈలోగా పాపికొండల లాంచీలు పెరిగాయి. పేరంటపల్లి రేవులో దిగినవారికి కొండరెడ్లు వెదురు పూలగుత్తులు అమ్మసాగారు. డెల్టావాళ్లు అల్లిన చేతి నుంచే వస్తువు అందుకున్న చోటు బహుశా అదే. అక్కడా బేరమాడకుండా కొన్నవారు తక్కువ.

పోలవరం జలాశయం నిండితే నీరు 45.72 మీటర్ల మట్టం దాకా నిలుస్తుంది. వేలేరుపాడు, కూనవరం మండలాల్లో ఎన్నో గ్రామాలు ముంపులో ఉన్నాయి. మైదానంలోని పునరావాస కాలనీకి దిగివచ్చిన కొండరెడ్డి అక్కడ పూలగుత్తి అల్లాలంటే ముందు వెదురు కొనుక్కోవాలి.