గాలిలో కొలిచి ఒంట్లో డోసు చెప్పడం

“రేడియేషన్ మీటర్ సరిగ్గా చూపిస్తోందో లేదో తేల్చే మీటర్ ఏది?” అని ఒక పాఠకుడు అడిగారు. రేడియేషన్ డోసును గ్రేలలో చెబుతారు, అంటే కిలో పదార్థంలో దిగిన శక్తి. పాఠ్యపుస్తకాలు ‘గ్రే అంటే కిలోకు ఒక జౌల్’ అని రాసి చేతులు దులుపుకుంటాయి. ఒక గ్రే పడ్డ నీరు వేడెక్కేది 0.00024 డిగ్రీలు. మామూలు థర్మామీటర్‌కి అందే సంగతి కాదు.

కణితి తీసేసిన చోట, రేడియేషన్ చికిత్స కోసం ఒంటి లోపలికే దూర్చే బుల్లి ఎక్స్‌రే ట్యూబుల దగ్గర ఈ ప్రశ్న ఇంకా ముదురుతుంది. జైస్ కంపెనీ ఇంట్రాబీమ్ గొట్టం లావు 3.2 మిల్లీమీటర్లు, వోల్టేజీ 50 కిలోవోల్టులు. స్విచ్ ఆపితే ఎక్స్‌రేలు ఆగిపోతాయి. రోగి ఒంట్లో ఏదో మిగిలిపోయిందని దగ్గరికి రాని బంధువులకు ఈ ముక్క గట్టిగా చెప్పాలి. అయితే కొలతకు తంటా తెచ్చేది కూడా ఆ స్విచ్చే. ఇలాంటి చికిత్సకే ఒంట్లో పెట్టే రేడియోధార్మిక అయొడిన్-125 గింజ బలం 59.4 రోజులకు సగమవుతుంది. వచ్చే నెల దాని బలమెంతో ఇవాళే లెక్క కట్టొచ్చు. ట్యూబుకు ఆ గ్యారంటీ లేదు. వోల్టేజీ, కరెంటు ఏది కాస్త మారినా డోసు మారుతుంది.

పాఠకుడి ప్రశ్నకు జవాబు ఫ్రీ-ఎయిర్ ఛాంబర్. ఎక్స్‌రేలు గాలిలోంచి ఎలక్ట్రాన్లను ఊడగొడతాయి, అవి దారిలో గాలిని అయాన్లుగా, అంటే విద్యుదావేశమున్న కణాలుగా విడగొడతాయి; వాటిని రెండు పలకల మధ్య పోగుచేసి లెక్కిస్తారు. నాకు తెగ నచ్చిన పరికరం ఇది. కొలిచే గాలికి గోడ ఉంటే, ఆ గోడలోంచి కూడా ఎలక్ట్రాన్లు ఊడిపడి లెక్క చెడగొడతాయి. అందుకే ఇక్కడ గోడే లేదు. మరి ఎంత గాలిని కొలుస్తున్నట్టు? కిరణాలు లోపలికొచ్చే రంధ్రం వైశాల్యాన్ని, అయాన్లను పోగుచేసే పలక పొడవుతో గుణించాలి, అంతే. రంధ్రం దాటాక కిరణాలు విచ్చుకుంటాయి కదా? విచ్చుకుంటాయి. ట్యూబు నుంచి రెండింతల దూరంలో పుంజం వైశాల్యం నాలుగింతలు, తీవ్రత నాలుగో వంతు. గుణిస్తే పాత లెక్కే. పలక హద్దు దాటి కొన్ని ఎలక్ట్రాన్లు పారిపోవా? పారిపోతాయి, పక్క గాలిలోంచి అన్నే లోపలికొస్తాయి. చెల్లుకు చెల్లు. పలకల మధ్య ఎడం మాత్రం చాలినంత ఉండాలి. 50 కిలో ఎలక్ట్రాన్‌వోల్టుల (ఇది శక్తి కొలమానం) ఎలక్ట్రాన్ గాలిలో ఆగేలోపు 4 సెంటీమీటర్ల దాకా తిరగగలదు, మధ్యలోనే పలకకు కొట్టుకుంటే అయాన్లు తగ్గిపోతాయి. పోగైన విద్యుదావేశాన్ని కూలుంబుకు 33.97 జౌళ్ల చొప్పున గుణించి, గాలి బరువుతో భాగిస్తే ఎయిర్ కెర్మా, అంటే కిలో గాలిలో ఎక్స్‌రేలు ఎలక్ట్రాన్లకు అప్పగించిన శక్తి. బరువు కావాలంటే ఆ పూట ఉష్ణోగ్రత, పీడనం కూడా కావాలి.

అమెరికా జాతీయ కొలతల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ ఈ ట్యూబుల కోసం పెట్టుకున్న ప్రమాణం ఇదే: ట్యూబు నుంచి 50 సెంటీమీటర్ల దూరంలో, లాంపెర్టీ అనే ఫ్రీ-ఎయిర్ ఛాంబర్‌తో కొలత. అక్కడ సరిచూసిన వెల్ ఛాంబర్, అంటే బావిలా నడుమ గుంట ఉన్న మీటర్, ఆసుపత్రికి వెళ్తుంది, ట్యూబును దాని నడిమి గుంటలో దించి చూసుకుంటారు.

కొలిచింది గాలిలో. రోగి ఒళ్ళు చాలావరకు నీరు. 10 కిలో ఎలక్ట్రాన్‌వోల్టుల మెత్తని (తక్కువ శక్తి) కిరణాలు 50 సెంటీమీటర్ల గాలిలోనే పావు వంతు దాకా పోతాయి, ఆ నష్టాన్ని లెక్కలో తిరిగి కలుపుతారు. అవే కిరణాలు నీటిలో సెంటీమీటరు లోతుకు నూటికి ఒక్కటి కూడా చేరవు. 50 కిలో ఎలక్ట్రాన్‌వోల్టులవైతే 3 సెంటీమీటర్లు పోయాక గానీ సగమవవు. అంటే గాలిలో ఒకే అంకె చూపించిన రెండు ట్యూబులు, కిరణాల పాళ్ళు వేరైతే, ఒంట్లో వేర్వేరు డోసులు ఇవ్వగలవు! అందుకే జెర్మేనియం డిటెక్టర్‌తో స్పెక్ట్రమ్, అంటే ఏ శక్తి కిరణాలు ఏ పాళ్ళలో ఉన్నాయో, కూడా చూస్తారు. జర్మనీ జాతీయ కొలతల సంస్థ పీటీబీ ఈ గొడవ లేకుండా, నీటిలో సెంటీమీటరు లోతున పడే డోసునే ప్రమాణంగా పెట్టుకుంది. నాకు అదే సూటిగా అనిపిస్తుంది. కాకపోతే ట్యూబు మీద తొడిగే అప్లికేటర్ మారితే మెత్తని కిరణాల వడపోత మారుతుంది, కాబట్టి ఒక్కో అప్లికేటర్‌కీ విడిగా లెక్క కట్టాల్సిందే.