కోపం నిజంగా పిల్లల మీదేనా?

బడికి బయల్దేరే వేళ. ఐదేళ్ల పాప బూటు లేసు తానే కట్టుకుంటానని పట్టుబట్టింది. ముడి వేస్తుంది, అది జారిపోతుంది, నాలుక బయటపెట్టి మళ్లీ మొదలుపెడుతుంది. సెలవు రోజైతే అమ్మ పక్కనే కూర్చుని మురిసిపోయేది. ఐదు నిమిషాల్లో బస్సు వెళ్లిపోతుందనుకోండి, అదే పని మొండితనంగా కనిపిస్తుంది.

ఓపికను మనం స్వభావం ఖాతాలో వేస్తాం. ఆవిడకు ఓర్పెక్కువ, ఆయనకు ముక్కుమీదే కోపం అని తేల్చేస్తాం. స్వభావానికి పాత్ర లేదని కాదు గానీ, దానికి కాస్త ఎక్కువ మార్కులే వేస్తున్నామని నా అనుమానం.

మనస్తత్వవేత్త డేనియల్ కానమన్ బృందం టెక్సాస్‌లో 909 మంది ఉద్యోగినులను నిన్నటి రోజును ఘట్టాలుగా గుర్తుచేసుకుని, ఒక్కో పని చేస్తున్నప్పుడు మనసెలా ఉందో రాయమంది. 2004లో వెలువడిన ఆ ఫలితాల్లో పిల్లల ఆలనాపాలనా టీవీ చూడటం, వంట చేయడం కన్నా కింద నిలిచింది. ఆ ముక్క బాగా ప్రచారమైంది. అదే అధ్యయనంలో అంతగా ఎవరూ పట్టించుకోని సంగతి ఇంకొకటుంది: రోజువారీ పనుల్లో దొరికే ఆనందం మీద ఆదాయం, చదువు పెద్దగా ప్రభావం చూపలేదు. రాత్రి నిద్ర ఎలా పట్టింది, ఆఫీసులో గడువులు ఎంత తరుముతున్నాయి అన్నవే ఎక్కువ ప్రభావం చూపాయి.

చిన్నపిల్లలున్న ఇంట్లో నిద్ర సంగతి చెప్పేదేముంది! జర్మనీలో వేల మందిని ఏళ్ల తరబడి అనుసరించి 2019లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, కాన్పయిన తొలి మూడు నెలల్లో తల్లులకు మునుపటి కన్నా సుమారు గంట, తండ్రులకు పావుగంట నిద్ర తగ్గింది. మొదటి బిడ్డకు ఆరేళ్లొచ్చే దాకా కూడా ఆ లోటు పూర్తిగా పూడలేదు. నిద్ర లేకపోతే మెదడులో ఏం జరుగుతుందో 2007 నాటి ఒక ప్రయోగం చూపించింది. దాదాపు 35 గంటలు మేలుకున్నవారికి బాధ కలిగించే చిత్రాలు చూపిస్తే, భయం, కోపం లాంటి ఉద్వేగాలతో సంబంధమున్న అమిగ్డలా అనే మెదడు భాగం మామూలుగా నిద్రపోయినవారి కన్నా 60 శాతం ఎక్కువగా స్పందించింది. దాన్ని అదుపులో ఉంచే నుదుటి వెనకుండే మెదడు భాగంతో దాని అనుసంధానమూ సడలింది. రాత్రంతా జాగారం చేయడం, రోజూ కొంచెం కొంచెం నిద్ర పోగొట్టుకోవడం ఒకటి కావు, నిజమే. అయినా చంటిబిడ్డ తల్లికి ఈ వివరాలు కొత్తగా అనిపించవు.

నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించినవి మనస్తత్వవేత్త రెనా రెపెటి అధ్యయనాలు. విమానాల రాకపోకలను నియంత్రించే ఉద్యోగులను ఆమె ఎంచుకున్నారు. పనిభారం ఎంతని వాళ్లనే అడిగి ఊరుకోలేదు. ఆ రోజు విమానాశ్రయంలో ఎంత రద్దీ ఉంది, ఆకాశం ఎంత స్పష్టంగా ఉంది అన్న రికార్డులూ తీశారు. పని విపరీతంగా ఉన్న రోజుల్లో తండ్రులు ఇంటికొచ్చి ముడుచుకుపోయారు. ఉద్యోగంలో తోటివారితో పొసగని రోజుల్లో మాత్రం పిల్లల మీద కోపం ఎక్కువగా బయటపడింది. తర్వాత 1997లో మరో పరిశోధకురాలితో కలిసి తల్లులను గమనించారు. సాయంత్రం పిల్లల సంరక్షణ కేంద్రంలో తల్లీబిడ్డలు కలుసుకునే నిమిషాలను వీడియో తీశారు. పని ఒత్తిడి ఎక్కువైన రోజున తల్లులు తక్కువ మాట్లాడారు, ముద్దుచేయడమూ తగ్గింది. బిడ్డకు ఇదంతా ఎలా తెలుస్తుంది? అమ్మ పలకట్లేదన్నదొక్కటే దానికి తెలిసేది.

మనసు బాగోలేనప్పుడు అలాంటి జ్ఞాపకాలే ముందుకొస్తాయని మనస్తత్వవేత్త గోర్డన్ బోవర్ 1981లోనే వివరించారు. అందుకే అలసిన రాత్రి నిన్నటి అరుపు, మొన్నటి చిరాకు వరసకట్టి గుర్తొస్తాయి, ఆదివారం ఆడుకున్న ఆటలు గుర్తురావు. ఒక్క రోజు బడలిక ‘నేను మంచి తల్లిని కాను’ అనే తీర్పుగా మారేది అలాగే. అలాంటి వేళ వచ్చిన తీర్పును తెల్లారేదాకా వాయిదా వేయడం మేలు.

అయితే నిద్ర, తీరిక ఇంటి గడప దాటి ఉండే సంగతులు కూడా. సామాజిక శాస్త్రవేత్త జెన్నిఫర్ గ్లాస్ బృందం 2016లో 22 దేశాలను పోల్చింది. పిల్లలున్నవారికీ లేనివారికీ మధ్య సంతోషంలో తేడా అమెరికాలో అన్నిటికన్నా ఎక్కువగా తేలింది. నార్వే, హంగరీ లాంటి చోట్ల తల్లిదండ్రులే ఎక్కువ సంతోషంగా ఉన్నారు. పిల్లల కోసం ప్రభుత్వం చేతికిచ్చే భత్యం కన్నా జీతంతో కూడిన సెలవులు, అందుబాటు ఖర్చులో పిల్లల సంరక్షణ ఎక్కువ పనిచేశాయి. ఆ సెలవుల వల్ల పిల్లలు లేనివారి సంతోషం కూడా ఏమీ తగ్గలేదు.