అమెరికా సాకెట్‌లో అమ్మ గ్రైండర్

అక్క పురిటికి అమ్మ డల్లాస్ వచ్చినప్పుడు రెండు పెట్టెల్లో ఒకటి దాదాపుగా గ్రైండర్‌కే పోయింది. మిగిలిన సందుల్లో ఆవకాయ, శొంఠిపొడి, పసిబిడ్డకి పాత చీరల గుడ్డలు. వచ్చిన మూడో రోజే మినప్పప్పు నానబోసింది. బావ అప్పటికే ఒక అడాప్టర్ కొని ఉంచాడు. ఇటు మన మూడు పిన్నుల ప్లగ్గు దూరుతుంది, అటు అది అమెరికా గోడలోకి దూరుతుంది. స్విచ్ వేయగానే గ్రైండర్ గట్టిగా మూలిగింది. రాళ్ళు మాత్రం కదల్లేదు. "మూలుగుతోంది గానీ తిరగట్లేదేంట్రా" అంటూ అమ్మ వంగి చూస్తుండగానే వార్నిష్ కాలిన వాసన. బావ పరుగున వచ్చి ప్లగ్గు పీకేశాడు.

అడాప్టర్‌ని నమ్మడంలోనే తప్పంతా ఉంది. అది పిన్నుల ఆకారం కలుపుతుంది, అంతే. వోల్టేజీ జోలికి పోదు. మన ఇళ్ళలో కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అమెరికా గోడ సాకెట్‌లో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. హెర్ట్జ్ అంటే సెకనుకి కరెంటు ఎన్నిసార్లు ఇటూ అటూ ఊగి వస్తుందన్న లెక్క. వోల్టేజీ తేడా అందరూ చూస్తారు. పక్కనున్న ఆ 50, 60లను ఎవరూ పట్టించుకోరు, నాతో సహా.

సగం వోల్టేజీ ఇస్తే సగం పని జరుగుతుందనుకుంటాం. అలా జరగదు. వేడిచేసే తీగ ఉన్న వస్తువుల్లో వోల్టేజీ తగ్గితే కరెంటు కూడా అంతే తగ్గుతుంది. శక్తి ఈ రెండింటి గుణకారం కాబట్టి పావు వంతు దగ్గరికి పడిపోతుంది. హైదరాబాద్‌లో 700 వాట్లు తీసుకునే రైస్ కుక్కర్ డల్లాస్‌లో సుమారు 190 వాట్లే తీసుకుంటుంది. బియ్యం ఉడకవు, గోరువెచ్చని నీళ్ళలో నానుతాయి. అయితే ఇక్కడ ప్రమాదమేమీ లేదు. తిరుగు ప్రయాణంలోనే ఉంది ప్రమాదం. అమెరికాలో కొన్న 1000 వాట్ల ఎలక్ట్రిక్ కుక్కర్‌ని మన సాకెట్‌లో పెడితే అది 3600 వాట్లు పైగా లాగబోతుంది. ఫ్యూజ్ పోతే అదృష్టం.

మోటారు సంగతి వేరు. గ్రైండర్‌లో ఉండేది ఇండక్షన్ మోటారు. తిరుగుతున్నంతసేపూ అది తనలోకి వచ్చే కరెంటుని తానే అదుపులో పెట్టుకుంటుంది. నిలబడిపోయిన మోటారుకి ఆ అదుపు ఉండదు. మామూలుగా స్విచ్ వేసిన తొలి క్షణంలో అది తన మామూలు కరెంటుకి కొన్ని రెట్లు లాగి, వేగం అందుకోగానే తగ్గిస్తుంది. అమ్మ గ్రైండర్‌కి ఆ వేగం అందుకునే బలమే రాలేదు. ఎందుకంటే ఈ మోటారు తిప్పే బలం కూడా వోల్టేజీ వర్గాన్ని (స్క్వేర్‌ని) బట్టే ఉంటుంది, అంటే అదీ పావు వంతే. రాతి బరువుకి అది చాలలేదు. తొలి క్షణపు కరెంటు, సగమే అనుకున్నా, ఆగకుండా పారుతూనే ఉంది. రాగి తీగ మీది వార్నిష్ పూత ఆ వేడికి మాడింది. ఇంకో రెండు నిమిషాలు వదిలేసి ఉంటే తీగచుట్ట మొత్తం పోయేది.

మర్నాడు బావ స్టెప్ అప్ ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చాడు. ఇనప రేకుల కట్ట మీద రెండు తీగచుట్టలు, ఒకదానికి రెట్టింపు చుట్లు రెండోదానికి. 120 లోపలికి, 240 బయటికి. కొనేటప్పుడు దాని మీద రాసిన వాట్లు చూడాలి. మా గ్రైండర్ 150 వాట్లదే కాబట్టి 500 వాట్ల ట్రాన్స్‌ఫార్మర్ ధారాళంగా సరిపోయింది. 750 వాట్ల మిక్సీకైతే మొదటి కుదుపు తట్టుకోవడానికి 1500 వాట్లది తీసుకోవడం మేలు. అది ఒక చేత్తో లేవదు. అరచేతిలో ఇమిడే తేలికపాటి 'కన్వర్టర్లు' కూడా అమ్ముతారు. 230 ఉన్న దేశానికి వెళ్ళే అమెరికన్లు హెయిర్ డ్రయర్ల కోసం కొనుక్కునేవి అవి. కరెంటు అలని ముక్కలుగా కోసి తక్కువ చేస్తాయి తప్ప పెంచలేవు. మోటార్లకీ ఎలక్ట్రానిక్స్‌కీ ఆ కోసిన అల పడదు.

ఈసారి గ్రైండర్ తిరిగింది, ఊళ్ళో కంటే జోరుగా. అమ్మ వెంటనే పసిగట్టింది, "ఇదేంటి, ఇంత తొందరపడుతోంది" అని. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మారుస్తుంది గానీ హెర్ట్జ్‌ని మార్చలేదు. ఇండక్షన్ మోటారు వేగమేమో హెర్ట్జ్‌ని అంటిపెట్టుకుని ఉంటుంది. మన దగ్గర నిమిషానికి సుమారు 1440 చుట్లు తిరిగేది ఇక్కడ 1700 దాటుతుంది. గ్రైండర్ నిదానంగా తిరిగి పిండిని వేడెక్కనివ్వకపోవడమే కదా దాని గొప్ప. అయిదో వంతు వేగం పెరిగితే కొంప మునగదు గానీ నీళ్ళు కాస్త చల్లటివి పోసుకోవాలి. హెర్ట్జ్ పెరిగినప్పుడు మోటారులోని అయస్కాంత బలం కొంచెం పలచబడుతుంది కూడా. నిండా పప్పు వేసి స్విచ్ వేస్తే మొరాయించేది. ముందు రాళ్ళు తిరగనిచ్చి, ఆ తర్వాత పప్పు గుప్పెడు గుప్పెడు వేస్తే లొంగింది. రుబ్బురోలు నాటి అలవాటు అమ్మకి ఇక్కడ పనికొచ్చింది.

మిక్సీకి ఈ హెర్ట్జ్ బాధ లేదు. దానిలోది కార్బన్ బ్రష్షులుండే వేరే రకం మోటారు. తిరిగేటప్పుడు కింది సందుల్లోంచి చిన్న చిన్న నీలి మిణుగురులు కనబడతాయే, అవి ఆ బ్రష్షుల దగ్గరివే. సరైన వోల్టేజీ ఇస్తే ఎక్కడైనా ఒకే తీరుగా గోల చేస్తుంది.

ఇక ఫోన్ చార్జర్, లాప్‌టాప్ గురించి టెన్షన్ అక్కర్లేదు. వాటి చార్జర్ వచ్చిన కరెంటుని ముందు ఒకే దిక్కుకి పారే ఏకముఖ కరెంటుగా (డీసీ) మార్చి, సెకనుకి వేల సార్లు తెంపి కలుపుతూ తనకి కావలసిన వోల్టేజీ తయారుచేసుకుంటుంది. గోడలో ఎంతున్నా సర్దుకుపోతుంది. అందుకే వాటి మీద '100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్' అని ఉంటుంది. పెట్టె సర్దేముందు ఏ వస్తువుకైనా అడుగున అంటించిన ఆ చిన్న చీటీ చదివితే చాలు. అక్కడ 230 మాత్రమే రాసి ఉంటే ఆ వస్తువు అమెరికాలో ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా బతకదు.

కొంతమంది ఒక ఉపాయం చెబుతారు. అమెరికా ఇళ్ళలో బట్టలారబెట్టే యంత్రానికి 240 వోల్టుల సాకెట్ ఉంటుంది, గ్రైండర్‌ని దానికి తగిలిస్తే పోలా అని. నాకు ఈ ఉపాయం నచ్చదు. ఆ 240 ఎలా వస్తుందంటే, ఒకదానికొకటి ఎదురుగా ఊగే రెండు 120 వోల్టుల తీగల మధ్య వస్తుంది. అంటే రెండూ కరెంటు తీగలే. మన వస్తువు స్విచ్ ఒక్క తీగనే ఆపితే, ఆపేశాక కూడా రెండో తీగలో 120 వోల్టులు మిగులుతాయి. పైగా ఆ లైను బ్రేకర్ మామూలుగా 30 ఆంపియర్లది. గ్రైండర్ సన్న తీగ కాలిపోతున్నా అది పడిపోకపోవచ్చు.

మన ప్లగ్గు పై పిన్ను లావుగా, పొడవుగా ఉండటం చూసే ఉంటారు. అది ఎర్త్, లోపల లీకైన కరెంటుని మన ఒంట్లోకి కాకుండా నేలలోకి పంపే దారి. ప్లగ్గు పెట్టేటప్పుడు అన్నిటికంటే ముందు తగలాలని, తీసేటప్పుడు ఆఖరున విడవాలని ఆ పొడవు. రెండు పిన్నుల చవక అడాప్టర్ పెడితే ఆ రక్షణ పోతుంది. లోహపు ఒళ్ళు, పిండి, నీళ్ళు, తడి చేతులు ఒక్కచోట చేరే వస్తువుకి ఎర్త్ లేకుండా చేయడం నా మటుకు నేను ఒప్పుకోను.

అసలు ఈ రెండు లోకాలు ఎందుకయ్యాయంటే, ఎడిసన్ 1882లో న్యూయార్క్ పెర్ల్ స్ట్రీట్ నుంచి 110 వోల్టుల చుట్టుపట్ల ఏకముఖ కరెంటు ఇవ్వడం మొదలుపెట్టాడు. అప్పటి బల్బులకి అది సరిపోయింది. తర్వాత ఏకముఖ కరెంటు పోయినా ఆ వోల్టేజీ చాయ మిగిలిపోయింది. బెర్లిన్ 1899లో 220కి మారింది. వోల్టేజీ రెట్టింపైతే అదే శక్తికి కరెంటు సగం చాలు, రాగి ఆదా. యూరప్ ఆ దారి పట్టింది. మనకి బ్రిటిష్ వాళ్ళ దారి వచ్చింది. జపాన్ కథ ఇంకా తమాషా. 1890లలో టోక్యోకి జర్మన్ జనరేటర్లు, ఒసాకాకి అమెరికన్ జనరేటర్లు వచ్చాయి. ఆ పుణ్యాన నేటికీ దేశం తూర్పు సగం 50 హెర్ట్జ్, పడమటి సగం 60. వోల్టేజీ మాత్రం అంతటా 100.

దుబాయ్, కువైట్, దోహా వెళ్ళే మనవాళ్ళు ఈ విషయంలో అదృష్టవంతులు. అక్కడ వోల్టేజీ, హెర్ట్జ్ మనకి దగ్గరే. మిక్సీకి మంచి ఎర్త్ ఉన్న అడాప్టర్ ఒక్కటీ చాలు. సౌదీలో హెర్ట్జ్ మాత్రం 60. బ్రిటన్‌లో ప్లగ్గులోనే ఫ్యూజ్ ఉంటుంది. 750 వాట్ల మిక్సీకి 3 ఆంపియర్ల ఫ్యూజ్ చాలదు, చట్నీ సగంలో ఉండగా పోవచ్చు.

ఆర్నెల్లు గడిచి అమ్మానాన్నలు నిజామాబాద్ తిరిగి వెళ్ళేటప్పుడు నాన్న పక్కింటివాళ్ళ గరాజ్ సేల్‌లో రెండు డాలర్లకి ఎర్ర అంకెల అలారం గడియారం ఒకటి కొన్నాడు. బుద్ధిగా చిన్న స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా పెట్టుకున్నాడు, వోల్టేజీ పాఠం నేర్చుకున్నాం కదా. ఆ రకం గడియారాలు లోపల వేరే లెక్కేమీ పెట్టుకోవు. గోడలోంచి వచ్చే కరెంటు ఊగిసలాటలనే 60కి ఒక సెకను చొప్పున లెక్కపెడతాయి. మన కరెంటు సెకనుకి 50 సార్లే ఊగుతుంది కాబట్టి గంటకి పది నిమిషాలు వెనకబడుతుంది. పొద్దున ఆరింటికి సరిచేస్తే సాయంత్రం ఆరింటికి నాలుగు చూపిస్తుంది. నాన్న రోజూ కాఫీ తాగుతూ దాన్ని సరిచేస్తాడు. "మీ నాన్న గడియారం ఇంకా అమెరికా నుంచి బయల్దేరలేదురా" అంటుంది అమ్మ ఫోన్లో.