డిస్కస్ త్రో మొదటి మీట్: తిరిగే విసరాలా? అపోహలు - వాస్తవాలు

జిల్లా సెలెక్షన్లు దగ్గర పడుతున్నాయంటే నా ఫోన్‌కు ఒకే రకం కాల్స్ మొదలవుతాయి. "సార్, మా పిల్లకు తిరుగుడు ఇంకా రాలే, పేరు తీసేయుండ్రి, నలుగుట్ల నవ్వులపాలైతది" అని. మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వైపు బడి పిల్లలకు డిస్కస్ నేర్పే పీఈటీగా ఈ మాట ప్రతి సీజన్‌లో వింటున్నాను. ఆ భయం వల్ల పేరు తీయించుకున్న పిల్లలు కొందరు, భయాన్ని దాచుకుని రాని టర్న్ వేసి మూడుకు మూడూ ఫౌల్ చేసుకున్న పిల్లలు ఇంకొందరు. మిగతా అపోహల సంగతి తర్వాత, ముందు దీన్ని తేల్చుకుందాం.

అపోహ: డిస్కస్ అంటే సర్కిల్‌లో గిర్రున తిరిగే విసరాలి, నిలబడి విసిరితే లెక్కలోకి తీసుకోరు.

వాస్తవం: తిరగాలని ఏ రూల్‌లోనూ లేదు. సర్కిల్ లోపల కదలకుండా నిలబడి త్రో మొదలుపెట్టాలి. సర్కిల్ చుట్టూ ఉండే ఇనుప రింగ్ పైభాగాన్ని గానీ బయట నేలను గానీ తాకకూడదు (రింగ్ లోపలి అంచుకు కాలు తగిలితే పర్వాలేదు). డిస్కస్ సెక్టార్ గీతల (అది పడాల్సిన జాగాకు రెండు పక్కలా గీసిన గీతలు) మధ్యలో పడాలి, గీత మీద పడినా ఫౌలే. అది నేలను తాకేదాకా మీరు సర్కిల్‌లోనే ఉండాలి, ఆ తర్వాత వెనక సగం నుంచే బయటకు రావాలి. మీరు ఒకటిన్నర చుట్టు తిరిగారా, అసలు తిరగలేదా అని చూసి మార్కులు వేసేవాళ్లు అక్కడెవరూ ఉండరు. టేపు పెట్టి దూరం కొలుస్తారు, రాసుకుంటారు, అంతే.

తిరుగుడు వద్దని నేననడం లేదు. బాగా నేర్చుకున్నవాళ్లకు దూరం వచ్చేది దానితోనే. కానీ సర్కిల్ అడ్డంగా కొలిస్తే 2.5 మీటర్లే. ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్న పిల్లలు వెనక అంచు దగ్గర మొదలుపెట్టి వేగంగా ముందుకొస్తారు, చెయ్యి వదిలాక ఆ వేగాన్ని ఆపుకోవడం రాక ముందుకు తూలి బయట అడుగేస్తారు. పెద్ద ఆటగాళ్లు చివర్లో కాళ్లు మార్చుకుని లోపలే నిలబడతారే, ఆ పని వంటబట్టడానికి చాలా కాలం పడుతుంది. మొదటి మీట్‌కు పోయే పిల్ల దగ్గర అంత కాలం ఎక్కడుంటుంది?

ఒక జిల్లా మీట్‌లో అచ్చంపేట వైపు హాస్టల్ నుంచి ఒక సన్నటి అమ్మాయి వచ్చింది. మూడు త్రోలూ నిలబడే విసిరింది, మూడూ తెల్ల జెండాలే, అంటే మూడూ చెల్లాయి. మొదటి ఎనిమిది మందిలో చోటు దొరికింది, దాంతో ఇంకో మూడు ఛాన్సులొచ్చాయి. అదే రోజు ఆమెకంటే ఎంతో బలమున్న ఇంకో అమ్మాయి మూడుసార్లూ తిరిగి విసిరింది, మూడుసార్లూ కాలు బయటపడింది. వాళ్ల నాన్న నా దగ్గరికొచ్చి, "సార్, మా పిల్ల అందరికన్న దూరమేసింది గదా, ఎందుకు రాయలే?" అన్నాడు. ఎర్ర జెండా ఎందుకు ఎత్తారో ఆయనకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. ఆ పిల్ల షామియానా వెనక కూర్చుని ఏడుస్తోంది. ఆ అమ్మాయిలో లోపమేమీ లేదు, ఎవరో చెప్పిన తప్పుడు మాట ఆమె సీజన్ మొత్తాన్ని మింగేసింది, ఇప్పటికీ ఆ మాట వింటే నాకు కోపం ఆగదు.

అందుకే నా దగ్గరి పిల్లలకు ఒకటే చెబుతాను: మొదటి త్రో నిలబడి, కొంచెం తగ్గించి, సెక్టార్ మధ్యలోకి. బోర్డు మీద ఒక దూరం పడనీయండి. అది పడ్డాక గుండె దడ సగం తగ్గుతుంది. టర్న్ బాగా అలవాటైనవాళ్లు రెండోదాంట్లో వేయొచ్చు. మధ్యలో అడుగు తడబడితే విసరకుండా ఆగిపోవచ్చు, రింగ్ తాకనంతవరకు అది ఫౌల్ కాదు. మీకిచ్చిన నిమిషం లోపల మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టొచ్చు. ఈ సంగతి తెలియక, ఆగితే ఛాన్స్ పోతుందనుకుని పిచ్చిగా విసిరేసే పిల్లలు ఎంతమందో!

రెండు ఫౌల్స్ అయిపోయినా టెన్షన్ పడొద్దు. 2016 రియో ఒలింపిక్స్ ఫైనల్లో క్రొయేషియా అమ్మాయి సాండ్రా పెర్కోవిచ్ మొదటి రెండు త్రోలూ ఫౌల్ చేసింది, మూడోది 69.21 మీటర్లు పడింది, స్వర్ణం దానితోనే వచ్చింది. ఆమెకు టర్న్ నిద్రలో కూడా వస్తుంది కాబట్టి మూడోసారి కూడా తిరిగింది, మీకు అలవాటు లేకపోతే మూడోది నిలబడి విసరండి.

బడిలో సిమెంట్ సర్కిల్ లేదని ఆగిపోకండి. మేకు పాతి, 1.25 మీటర్ల తాడు కట్టి గుండ్రంగా గీత గీయండి, దాని మీద సున్నం పోయండి. ప్రతి త్రో తర్వాత డిస్కస్ పడేదాకా ఆగి, వెనక నుంచి నడిచి బయటకు రావడం ఇప్పటినుంచే అలవాటు చేయండి. పక్కన ఒక పిల్లవాడిని జడ్జిలా నిలబెట్టి ఫౌల్ అరవమనండి.

ఇంకొన్ని మాటలు గట్టిగానే తిరుగుతుంటాయి. ఎక్కువ బరువుది విసిరి అలవాటు చేసుకుంటే మీట్‌లో తేలిగ్గా పోతుందని రెండు కిలోల డిస్కస్ పిల్లల చేతికిస్తారు. అది పెద్ద మగవాళ్లది. మహిళలకు 1 కిలో, అండర్-18 అబ్బాయిలకు 1.5 కిలోలు, అండర్-20కి 1.75. కొత్తవాళ్లు మించిన బరువు విసిరితే భుజం నొప్పి వస్తుంది, చెయ్యి వదిలే టైమింగ్ కూడా చెడుతుంది. సర్క్యులర్‌లో మీ విభాగానికి ఏ బరువు రాశారో చూసి దానితోనే ప్రాక్టీస్ చేయండి.

ఎదురుగాలి వస్తే ఈసారి పోయినట్టే అంటారు. డిస్కస్‌కు ఓ మాదిరి ఎదురుగాలి మేలే చేస్తుంది, కింది నుంచి ఎత్తి పట్టుకుంటుంది, వెనకగాలికి తొందరగా పడిపోతుంది. కాకపోతే ముందు అంచు పైకి లేవకూడదు, లేస్తే గాలికి నిలిచిపోయి కూలుతుంది. చూపుడు వేలు మీదుగా చివరగా వదిలితేనే బాగా తిరుగుతుంది, తిరిగే బొంగరం పడిపోనట్టు అదీ ఊగకుండా పోతుంది. ఇది రావాలంటే నేల మీద దొర్లించే డ్రిల్ రోజూ చేయించండి.

గ్లవ్స్ వేసుకోవచ్చా అంటే కుదరదు. వేళ్లను కలిపి టేపు చుట్టకూడదు. చేతులకు చాక్ పొడి రాసుకోవచ్చు. బూట్లు లేకపోతే ఆడనివ్వరన్నది వట్టి పుకారు, ఉత్త కాళ్లతో కూడా విసరొచ్చు. డిస్కస్ గీతల లోపల పడి బయటకు దొర్లిపోయినా త్రో చెల్లుతుంది.

ఆడపిల్లలకు డిస్కస్ ఎందుకు, భుజాలు మగపిల్లల్లా అవుతాయి అనే తల్లులకు నేను 2010 ఢిల్లీ కామన్వెల్త్ గేమ్స్ గురించి చెబుతాను. మహిళల డిస్కస్‌లో మూడు పతకాలూ మన దేశానివే. కృష్ణా పూనియా 61.51 మీటర్లు విసిరి స్వర్ణం తెచ్చింది. 1958లో మిల్కా సింగ్ గెలిచాక ఆ పోటీల్లో మనకు వచ్చిన మొదటి అథ్లెటిక్స్ స్వర్ణం అదే. బడిలో గంటసేపు ప్రాక్టీస్ చేసినంత మాత్రాన ఎవరి భుజాలూ మారిపోవు.

తిండి గురించి ఎవరెవరో ఏవేవో చెబుతారు, పచ్చి గుడ్లనీ పౌడర్లనీ. ఇంట్లో రోజూ తినే రొట్టె, అన్నం పప్పు చాలు, పోటీకి రెండు మూడు గంటల ముందు తినిపించండి, కొత్తవి ఆ రోజు మొదలుపెట్టొద్దు. నాకు అసలు బాధ నీళ్ల గురించి. గ్రౌండ్‌లో టాయిలెట్ బాగుండదని చాలామంది అమ్మాయిలు పొద్దుటి నుంచి చుక్క నీళ్లు తాగరు. పొద్దున తొమ్మిదికి రిపోర్ట్ చేస్తే ఈవెంట్ ఎండ నడినెత్తికొచ్చాక మొదలవుతుంది, సర్కిల్‌లోకి వెళ్లేసరికి కళ్లు తిరుగుతుంటాయి. దిగగానే టాయిలెట్ ఎక్కడుందో, తాళం ఎవరి దగ్గరుందో మీరే కనుక్కోండి, లేకపోతే నిర్వాహకులను గట్టిగా అడగండి, మొహమాటం వద్దు. వెంట లేడీ టీచర్ గానీ తల్లి గానీ ఉంటే ఇంకా మంచిది. నీళ్ల సీసాతో పాటు టోపీ, బోనఫైడ్, ఆధార్ జిరాక్స్ ముందురోజు రాత్రే సంచిలో పెట్టేయండి.