మొదటి నాలుగు స్వరాల దగ్గర ఆగి వినండి

తిరుపతి

ప్రియమైన పిల్లలకు,

వేసవి సెలవుల్లో మీరు మా ఇంటికి వచ్చినప్పుడు జర్మన్ స్వరకర్త బీథోవెన్ ఐదవ సింఫనీని (పెద్ద వాద్యబృందం కోసం రాసిన సంగీత రచన) మూడు రికార్డింగుల్లో ఒకదాని వెంట ఒకటి వినిపించాను. "అన్నీ ఒకటే కదా తాతా, మూడుసార్లు ఎందుకు?" అని మీలో ఒకరు అడిగారు. మంచి ప్రశ్న. ఆ పూట దానికి తగిన జవాబు ఇవ్వలేకపోయాను కాబట్టి తీరికగా రాస్తున్నాను.

మన అన్నమయ్య రాగిరేకుల్లో సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, స్వరాలు మాత్రం లేవు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారి వంటి పెద్దలు తర్వాతి కాలంలో బాణీలు కట్టారు కనుక, ఒకే కీర్తన ఇద్దరి నోట రెండు విధాలుగా వినిపిస్తే మనం ఆశ్చర్యపోము. బీథోవెన్ అలా కాదు. 1808 డిసెంబరులో వియన్నాలో తొలిసారి వాయించిన ఈ సింఫనీలో ఏ వాద్యం ఏ స్వరం ఎంతసేపు పలకాలో ఆయన కాగితం మీద రాసిపెట్టాడు. అన్నీ రాసి ఉన్నా తేడా ఎక్కడి నుంచి వస్తుందన్నదే మనం వెతకవలసిన విషయం.

మొదటి నాలుగు స్వరాలనే తీసుకోండి. మూడు పొట్టివి, ఒకటి పొడుగుది. కానీ ఈ సింఫనీ స్వరంతో మొదలు కాదు, చిన్న విరామంతో మొదలవుతుంది. మనం అనాగతం అంటామే, అలాగే తాళం ముందు పడి, స్వరం తర్వాత వస్తుంది. నాలుగో స్వరం మీద ఒక వంపు గీత, దాని కింద చుక్క ఉంటాయి. ఇక్కడ ఆగండి అని దాని అర్థం. ఎంతసేపు ఆగాలన్నది మాత్రం రాయలేదు, అది ఆర్కెస్ట్రాను నడిపే కండక్టర్ చేతిలో ఉంటుంది. వెంటనే అదే నడక కింది స్థాయిలో మళ్లీ వస్తుంది, ఈసారి చివరి స్వరాన్ని బీథోవెన్ ఒక ఆవర్తం అదనంగా సాగదీశాడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక 1947 మే నెలలో కండక్టర్ ఫుర్ట్‌వెంగ్లర్ తన బెర్లిన్ ఆర్కెస్ట్రా ముందుకు మళ్లీ వచ్చినప్పటి రికార్డింగులో ఈ నిలుపులు ఎంత బరువుగా, ఎంత దీర్ఘంగా ఉంటాయో వినండి. 1974లో వియన్నా ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో కండక్టర్ కార్లోస్ క్లైబర్ చేసిన దానిలో, లాగిపట్టిన విల్లు వదిలినట్లు, ఆగీ ఆగకముందే సంగీతం ముందుకు దూకుతుంది.

వేగం సంగతి కూడా ఇక్కడే ఉంది. బీథోవెన్ 1817లో తన సింఫనీలకు మెట్రొనోమ్ (తాళం వేగాన్ని కొలిచే పరికరం) అంకెలు ప్రకటించాడు. ఈ మొదటి భాగానికి నిమిషానికి 108 ఆవర్తాలు. అది చాలా వేగం. కండక్టర్లలో టోస్కనీనీ, 1990లలో పాతకాలపు వాద్యాలతో వాయించిన గార్డినర్ దానికి దగ్గరగా వెళ్లారు, క్లెంపరర్ బాగా నెమ్మదిగా నడిపాడు. అంకెకు దగ్గరగా ఉన్నదే గొప్పదని నేను అనను, నెమ్మదిగా నడిచినప్పుడు లోపలి వాద్యాలు విడివిడిగా వినిపిస్తాయి.

ఇంకొక చోటు నాకు ప్రాణం. మన జాతర్లలో ఊదే కొమ్ముకు మీటలు ఉండవు కదా, కాబట్టి అన్ని స్వరాలూ పలకవు. బీథోవెన్ నాటి హార్న్ కూడా అటువంటిదే. అందుకే మొదటి భాగంలో హార్న్‌లు గంభీరంగా ఊదిన పిలుపు, తర్వాత వేరే శ్రుతిలో తిరిగి వచ్చేటప్పుడు, ఆయన దాన్ని బసూన్‌లకు (మంద్రంగా పలికే కొయ్య ఊదుడు వాద్యాలు) అప్పగించాడు. అన్ని స్వరాలూ పలికే హార్న్‌లు వచ్చాక చాలామంది కండక్టర్లు ఆ పిలుపును మళ్లీ హార్న్‌లకే ఇచ్చారు. బీథోవెన్‌కు ఆ వాద్యం ఉండి ఉంటే అలాగే రాసేవాడన్నది వారి వాదన. నాకు మాత్రం బసూన్ గొంతులోని ఆ బొంగురుతనమే ఇష్టం.

వినే పద్ధతి గురించి ఒక మాట. ఫోన్ స్పీకరులో పెట్టి తీర్పు చెప్పకండి. మూడో భాగం చివర టింపనీ అనే పెద్ద డోలు ఎంతో మెల్లగా, గుండె కొట్టుకున్నట్లు మోగుతూ ఉంటుంది, దాని మీద నుంచే నాలుగో భాగం ట్రాంబోన్ అనే ఇత్తడి వాద్యాలతో సహా ఒక్కసారిగా విచ్చుకుంటుంది. చిన్న స్పీకరులో ఆ మోత వినపడదు. అది వినపడకపోతే ఆ విచ్చుకోవడానికీ అర్థం ఉండదు. హెడ్‌ఫోన్లు పెట్టుకోండి, అన్ని రికార్డింగులకూ శబ్దం ఒకే స్థాయిలో ఉంచండి. కాస్త గట్టిగా వినిపించినదే బాగుందని చెవి మోసపోతుంది. నికిష్ అనే కండక్టర్ 1913లో బెర్లిన్‌లో చేసిన రికార్డింగు వినేటప్పుడు మాత్రం ఓర్పు కావాలి. మైకులు లేని ఆ కాలంలో వాద్యకారులంతా ఒక పెద్ద గొట్టం ముందు గుమిగూడి వాయించేవారు, అందుకే శబ్దం సన్నగా, దూరంగా ఉంటుంది.

దసరా సెలవులకు వచ్చేలోపు ఒక పని చేయండి. మొదటి భాగం మధ్యలో అన్ని వాద్యాలూ ఆగిపోయి ఓబో (మన నాదస్వరం వంటి ఊదుడు వాద్యం) ఒక్కటే పాడుతుంది. ఆ తర్వాత కొద్దిసేపటికి, పైన చెప్పిన ఆ పిలుపు తిరిగి వస్తుంది. క్లైబర్ దగ్గర, గార్డినర్ దగ్గర, ఫుర్ట్‌వెంగ్లర్ దగ్గర దాన్ని ఊదింది హార్న్‌లో, బసూన్‌లో విని ఒక కాగితం మీద రాసుకుని తీసుకురండి. నేను రాసుకున్న కాగితం పక్కన పెట్టి చూద్దాం.

ఆశీస్సులతో,
మీ తాత